ఈ ఏటికి గట్టెక్కాం

2023 మే 28, ఆదివారం సాయంత్రం. లివర్‌పూల్‌లోని గుడిసన్ పార్క్ మైదానం, బుల్లెన్స్ రోడ్ స్టాండు. అక్కడివి పాతకాలపు చెక్క కుర్చీలు. పైకప్పును మోసే ఇనుప స్తంభం సరిగ్గా నా ముందే ఉంది. మైదానంలో ఒక మూల ఏం జరుగుతుందో చూడాలంటే పక్కకు వంగాల్సిందే. నా పక్కన మా పక్కింటి పెద్దాయన. చేతిలో అగ్గిపెట్టె కన్నా కాస్త పెద్ద రేడియో, ఒక చెవిలో దాని తీగ. ఆయన కళ్లు ఇక్కడ ఎవర్టన్ ఆట మీద, చెవి లెస్టర్‌లో జరుగుతున్న ఆట మీద.

మొదటి సగంలో ఉన్నట్టుండి ఆయన కళ్లు మూసుకున్నారు. "లెస్టర్ కొట్టేసింది" అన్నారు. ఆయన చెప్పకపోయినా ఆ సంగతి అప్పటికే స్టాండు పొడుగునా పాకుతోంది. ఫోన్లు చూసుకున్నవాళ్లు తలలు దించుకుంటున్నారు. ఎవరూ పైకి ఏమీ అనలేదు. దాదాపు 40 వేలమంది ఒకేసారి ఊపిరి బిగబడితే ఎలా ఉంటుందో ఆ రోజే విన్నాను.

లెక్క ఇదీ. ఇంగ్లండ్ ప్రీమియర్ లీగ్‌లో జట్లు 20. సీజన్ చివర్లో అట్టడుగున మిగిలిన మూడూ కింది డివిజన్‌కి పోతాయి. ఆ రోజు పొద్దుటికి సౌతాంప్టన్ పోవడం ఖాయమైపోయింది. మిగతా రెండు చోట్లకీ మూడు జట్లు మిగిలాం. మాకు 33 పాయింట్లు, లెస్టర్‌కీ లీడ్స్‌కీ 31 చొప్పున. మేం గెలిస్తే ఇంకొకరి సంగతి అక్కర్లేదు. డ్రా అయితే మాకు 34 వస్తాయి. లెస్టర్ గెలిస్తే వాళ్లకూ 34, గోల్స్ తేడాలో వాళ్లదే పైచేయి. అంటే లెస్టర్ గోల్ కొట్టిన ఆ క్షణం నుంచి మేం పడిపోయినట్టే. 1954 నుంచి ఒక్క ఏడైనా పై డివిజన్ విడవని క్లబ్బు, విరామం దాటి రెండో సగం నడుస్తున్నా పడిపోయే ఉంది.

57వ నిమిషంలో బోర్న్‌మత్ డిఫెండర్ తలతో బయటికి నెట్టిన బంతి పెనాల్టీ గీత దగ్గర ఒక్క గెంతు గెంతింది. అబ్దులాయ్ డుకురే దాన్ని కిందికి దిగనివ్వకుండా కుడికాలితో కొట్టాడు. వల కదలడం నేను చూడలేదు, స్తంభం అడ్డు. కాళ్ల కింద చెక్క నేల అదిరింది, అది తెలిసింది. పెద్దాయన నా భుజం పట్టుకున్నారు. ఆయన చెవిలోంచి తీగ ఊడి రేడియో ఒళ్లో పడింది. చాలాసేపు దాన్ని తీయలేదు.

ఇంగ్లీషు వాళ్లు దీన్ని 'స్టేయింగ్ అప్' అంటారు, పైనే ఉండిపోవడం అని. నాకు ఆ మాట ఎప్పుడూ చాలలేదు. మా ఊరి మాట ఉంది కదా, గట్టెక్కడం. ఇందులో ముందు మునగడం ఉంది, కాళ్లకు నేల అందకపోవడం ఉంది, ఆ తర్వాతే గట్టు. గట్టెక్కినవాడు కొత్తగా సంపాదించుకున్నదేమీ లేదు. బట్టలు తడిసి, చెప్పులు పోయి, ఒంటితో మిగిలాడు. అయినా ఆ మాట అనేటప్పుడు మనవాళ్ల గొంతులో ఒక తేట ఉంటుంది.

మాది దివిసీమ. నాన్న నాలుగెకరాలు కౌలుకి చేసేవాడు. ఊహ తెలిసినప్పటి నుంచి నాకు సంవత్సరమంటే నవంబరే. వరి కోసి పనలు చేలో పడి ఉంటాయి. అప్పుడే బంగాళాఖాతంలో వాయుగుండం అంటారు. నాన్న అరుగు మీద రేడియో పెట్టుకుని విజయవాడ కేంద్రం వార్తల కోసం కాచుకునేవాడు. పనల మీద వాన పడితే గింజ మొలకెత్తిపోతుంది. కౌలు బస్తాలు మాత్రం కొలిచి ఇవ్వాల్సిందే. అన్నీ సవ్యంగా జరిగి, కుప్ప నూర్చి, కౌలూ ఎరువుల కొట్టు బాకీ తీరాక తిండిగింజలు మిగిలితే అమ్మతో "ఈ ఏటికి గట్టెక్కాం" అనేవాడు. లాభం అన్న మాట నేను మా ఇంట్లో వినలేదు. ఆ ఒక్క మాట కోసమే మేమందరం ఏడాదంతా ఎదురుచూసేవాళ్లం.

నేను ఈ ఊరు వచ్చింది 2019లో, ఆసుపత్రి ల్యాబ్‌లో ఉద్యోగానికి. అద్దెకు దొరికిన ఇల్లు గుడిసన్ పార్క్‌కు నడక దూరంలో ఉంది. ఈ వీధుల్లో ఇళ్లు ఒకదానికొకటి ఆనుకుని ఉంటాయి. మాకూ పెద్దాయన వాళ్లకూ మధ్య గోడ ఒక్కటే. శనివారాలు ఆ గోడ అవతల నుంచి ఏదో బాదినట్టు చప్పుడు, ఒక మూలుగు, ఒక్కోసారి కేక. ఎవరికైనా ఒంట్లో బాగోలేదేమోనని మొదటిసారి తలుపు కొట్టాను. ఆయన భార్య తలుపు తీసి, నవ్వి, లోపలికి రమ్మని టీ ఇచ్చింది. పెద్దాయన టీవీ ముందు నేల మీద కూర్చుని ఉన్నారు. తల తిప్పకుండానే "కూర్చో లవ్, ఇంకా పన్నెండు నిమిషాలుంది" అన్నారు. లివర్‌పూల్‌లో పెద్దవాళ్లు పరాయి ఆడపిల్లను లవ్ అంటారు, మన వైపు అమ్మాయ్ అన్నట్టే.

ఊళ్లోని తెలుగు మిత్రుల్లో చాలామంది ఎర్రజెండా వైపే, లివర్‌పూల్ క్లబ్బు వైపు. గెలిచే జట్టు, లోకమంతా తెలిసిన పేరు. నేను గోడ వల్ల నీలంలో, ఎవర్టన్ వైపు కలిశాను. తర్వాతే ఈ క్లబ్బు కథ తెలిసింది. 1878లో ఒక చర్చి కుర్రాళ్లు మొదలుపెట్టారు. 1888లో ఫుట్‌బాల్ లీగ్ పుట్టినప్పుడు ఉన్న 12 క్లబ్బుల్లో ఇదొకటి. ఆన్‌ఫీల్డ్ మైదానంలో మొదట ఆడింది ఎవర్టనే. అద్దె తగాదాతో 1892లో అక్కణ్ణుంచి లేచి, స్టాన్లీ పార్క్‌కు ఈ పక్కన గుడిసన్ కట్టుకుంది. ఖాళీ అయిన ఆ మైదానం కోసమే లివర్‌పూల్ క్లబ్బు పుట్టింది. 1927-28లో డిక్సీ డీన్ ఒక్క సీజన్‌లో 60 లీగ్ గోల్స్ కొట్టాడు. లీగ్ టైటిల్స్ 9, చివరిది 1987లో. క్లబ్బు ముద్ర మీద లాటిన్ మాట ఒకటి ఉంటుంది. అత్యుత్తమం కానిదేదీ చాలదని దాని అర్థం.

ఆ మాట కింద నిలబడి 17వ స్థానం కోసం ఏడవడం నాకు మొదట్లో అర్థమయ్యేది కాదు. అర్థం చేసుకున్నది 2022 మే 19న, పెద్దాయన పెరట్లో.

ఆ రాత్రి క్రిస్టల్ ప్యాలెస్‌తో ఆట. గెలిస్తే గట్టెక్కినట్టే. విరామానికి 0-2. పెద్దాయన లేచి పెరట్లోకి వెళ్లి, చెత్తడబ్బా పక్కన ఇటుక గోడకు చేరగిలబడి నిలబడ్డారు. ఇక లోపలికి రానన్నారు. మైదానం దగ్గరే కనక అక్కడి గోల గాలిలో మా పెరళ్లదాకా వచ్చేది, టీవీలో కన్నా ఒక్క క్షణం ముందుగా. 54వ నిమిషంలో మైఖేల్ కీన్. ముందు ఆకాశంలోంచి హోరు, తర్వాత ఆయన భార్య వంటింటి కిటికీలోంచి పేరు చెప్పింది. 75లో రిషార్లిసన్. 85లో డొమినిక్ కాల్వర్ట్-లూయిన్ గాలిలో పడుకున్నట్టు దూకి తలతో కొట్టాడు. ఆ మూడో హోరుకి ఆవిడ పేరు చెప్పలేదు. చేతిలో తువాలుతో పెరట్లోకి పరిగెత్తింది. ఆయన గోడ వైపు తిరిగి భుజాలు అదిరేలా ఏడుస్తున్నారు. డెబ్బై దాటిన మనిషి.

"1994లో మావాణ్ణి భుజాల మీద కూర్చోబెట్టుకున్నాను" అన్నారు తర్వాత, టీ తాగుతూ. ఆ ఏడు మే 7న వింబుల్డన్ ఇలాగే 2-0తో ముందుంది. పార్క్ ఎండ్ స్టాండు కూల్చేసి కొత్తది కడుతున్నారు, మైదానానికి మూడు పక్కలే జనం. బారీ హార్న్ ఎంతో దూరం నుంచి కొట్టిన గోల్‌తో సమమైంది, గ్రాహమ్ స్టూవర్ట్ గోల్‌తో 3-2. మళ్లీ 1998లో కవెంట్రీతో 1-1. బోల్టన్‌కూ మాకూ 40 పాయింట్లే, గోల్స్ తేడా కాపాడింది. ఆయన ఇవన్నీ చెప్పేటప్పుడు గెలిచిన టైటిళ్ల ఊసు రాలేదు. 1987 గురించి అడిగితే రెండు ముక్కల్లో ముగించారు. టైటిల్ గెలిచిన రోజు సంతోషంగా ఉన్నారు కాబట్టి ఏదీ సరిగ్గా గుర్తులేదట. పడిపోబోయిన రోజులు మాత్రం గాలి ఎటు వీచిందో కూడా చెప్పగలరు.

పట్టికలో పైనున్న జట్టు అభిమానికి ఆట ఒక కోరిక. ఏదో రావాలి. కిందనున్న వాడికి అలా కాదు. ఉన్నది పోకూడదు, అంతే. వచ్చే ఏడు కూడా ఇదే వీధి, ఇదే స్తంభం, ఇదే జట్లు ఉండాలి. 2022-23లో 38 ఆటల్లో మేం గెలిచింది 8, ఓడింది 18. ఇంకో జట్టు వాళ్లు చూస్తే ఇందులో ఏముంది అనిపిస్తుంది. ఆ 8 గెలుపుల్లో ప్రతిదీ, 12 డ్రాలలో ప్రతిదీ, మాకు చేలోంచి ఇంటికి చేరిన పనలాంటిది. వుల్వ్స్ మీద యెర్రీ మీనా 99వ నిమిషంలో సమం చేసినప్పుడు గోడకు ఇటు నేను, అటు ఆయన, ఒకేసారి గోడను చరిచాం. దక్కింది ఒక్క పాయింటు.

ఇందులో నన్ను బాధించేది ఒకటుంది. గట్టు ఇరుకు. మనం ఎక్కాలంటే ఇంకొకడు జారాలి. ఆ మేలో నేను లెస్టర్ ఓడాలని మనసారా కోరుకున్నాను. 2016లో ఎవరూ ఊహించని విధంగా టైటిల్ గెలిచి లోకాన్ని మురిపించిన జట్టది. ఏడేళ్లకు, వాళ్ల చివరి ఆట 2-1తో గెలిచి కూడా, 34 పాయింట్లతో పడిపోయింది. సోమవారం బ్యాంకు సెలవు. మంగళవారం ల్యాబ్‌కి వెళితే లెస్టర్ ఊరి అమ్మాయి తన బల్ల దగ్గర తలవంచుకుని స్లైడ్లు సర్దుకుంటోంది. కప్పుతో టీ తీసుకెళ్లి పక్కన పెట్టాను. "మీరు ఉండాల్సినవాళ్లే" అంది. ఆ మాటకు నా దగ్గర జవాబు లేదు. చిన్నప్పుడు తుఫాను దారి మళ్లి ఒడిశా వైపు పోయిందని రేడియో చెప్పినప్పుడు నాన్న తూర్పుకు తిరిగి దణ్ణం పెట్టుకునేవాడు. ఆ తర్వాత చాలాసేపు ఎవరితోనూ మాట్లాడేవాడు కాదు. ఎందుకో ఆ మంగళవారం తెలిసింది.

పడితే ఏమవుతుందని పెద్దాయన్ని ఒకసారి అడిగాను. ఆయన తండ్రి 1951లో పడటం చూశారట, మూడేళ్లు రెండో డివిజన్ ఆటలకూ వెళ్లారట. "శనివారం శనివారమే కదా, ప్రెస్టన్ వెళతాం" అన్నారు. ఆ తండ్రి చితాభస్మం గుడిసన్ పచ్చిక అంచున ఉంది. ఒకప్పుడు క్లబ్బు అలా అనుమతించేది, వందలమంది అక్కడే ఉన్నారు. జట్టు పడినంత మాత్రాన వాళ్లెక్కడికీ పోరు. కానీ టీవీ డబ్బు ఒక్కసారిగా పడిపోతే ముందు ఆటగాళ్లు అమ్ముడుపోతారు. ఆ తర్వాత టికెట్ కిటికీలో కూర్చునే మనిషి, వంటగదిలో పైలు వేడిచేసే మనిషి. ఈ వీధుల్లో అలాంటి ఉద్యోగాలతో బతికే ఇళ్లున్నాయి. భయం వాళ్ల గురించి కూడా.

ఆ మరుసటి సీజన్ గట్టు మాకు మరీ ఎత్తయింది. మూడేళ్లలో 105 మిలియన్ పౌండ్లకు మించి నష్టం చూపకూడదన్న నియమాన్ని క్లబ్బు 19.5 మిలియన్లు దాటిందని, 2023 నవంబరు 17న స్వతంత్ర కమిషన్ 10 పాయింట్లు కోసేసింది. ఒక్క పూటలో 14వ స్థానం నుంచి 19కి. అప్పీలులో అది 6 అయింది, ఏప్రిల్‌లో ఇంకో కేసులో మరో 2 పోయాయి. నియమం తప్పితే శిక్ష ఉండాలి, కాదనను. కానీ ఆ లెక్కలు రాసినవాళ్లు వేరు, చలిలో పరిగెత్తినవాళ్లు వేరు, వాళ్లను చూడటానికి జీతంలోంచి తీసి పెట్టినవాళ్లు వేరు. పెద్దాయన వంటింటి క్యాలెండర్ మీద ఆ ఏడు రెండు వరసలు రాశారు. ఒకటి పట్టికలో ఉన్నవి, ఇంకొకటి కుర్రాళ్లు సంపాదించినవి. ఏప్రిల్ 27న బ్రెంట్‌ఫర్డ్ మీద 1-0తో గట్టెక్కాం. సీజన్ అయ్యేసరికి మొదటి వరసలో 40, రెండో వరసలో 48. రెండో వరస కిందనే ఆయన గీత గీశారు.

హైదరాబాదులో ఉన్న మా తమ్ముడికి ఇలాంటి గీత గీసే అవకాశం రాలేదు. వాడు హైదరాబాద్ ఎఫ్‌సీ మనిషి. 2022 మార్చి 20న గోవాలో ఇండియన్ సూపర్ లీగ్ ఫైనల్, కేరళ మీద 1-1, పెనాల్టీల్లో గోల్‌కీపర్ కట్టిమణి మూడు ఆపాడు. ఆ రాత్రి వాడు ఫోన్లో మాట్లాడలేకపోయాడు. మరుసటి సీజన్‌లో పసుపు చొక్కా వేసుకుని గచ్చిబౌలి స్టేడియానికి వెళ్లేవాడు, జట్టు లీగ్‌లో రెండో స్థానంలో నిలిచింది. 2023-24లో అదే జట్టు 22 ఆటల్లో ఒక్కటి గెలిచి, 8 పాయింట్లతో అట్టడుగున నిలిచింది. అక్కడ అప్పుడు కిందికి పడే నియమం లేదు. డబ్బు ఇబ్బందులు ముసిరాయి, చేతులు మారాయి, 2025లో జట్టు ఢిల్లీకి వెళ్లి స్పోర్టింగ్ క్లబ్ ఢిల్లీ అయింది. కోచ్ రహీమ్ సాబ్ శిష్యులు దేశానికి ఫుట్‌బాల్ నేర్పిన ఊరు హైదరాబాదు.

"అక్కా, మీ జట్టు పడినా ఎక్కడుంటుందో మీకు తెలుసు" అన్నాడు తమ్ముడు. పసుపు చొక్కా ఉతికి బీరువాలో పెట్టాడట. ఆ రోజు నుంచి నాకు పట్టికలో ఆ కింది గీత మీద కోపం పోయింది. కింద డివిజన్ ఉంది, దాని కింద ఇంకొకటి ఉంది, ఎంత జారినా పేరు మారదు, ఊరు మారదు, మళ్లీ ఎక్కడానికి మెట్లుంటాయి. జారే చోటే లేని వాళ్లకు గట్టూ లేదు. భయపడటానికి కూడా ఒక ఇల్లు కావాలి.

2023లో ఆ ఆదివారం బోర్న్‌మత్‌తో అదనపు సమయం 10 నిమిషాలు ఇచ్చారు. ఆ 10 నిమిషాల్లో జోర్డన్ పిక్‌ఫర్డ్ పక్కకు ఒరిగి ఒక షాట్ ఆపాడు. పెద్దాయన రేడియో కట్టేశారు, ఇక ఆ చెవితో పనిలేదన్నట్టు రెండు చేతులతో కుర్చీ అంచు పట్టుకున్నారు. విజిల్ మోగగానే జనం మైదానంలోకి దూకారు. మేం కదల్లేదు. గ్లాడిస్ స్ట్రీట్ మూల మీద, స్టాండ్ల మధ్య ఇరుక్కుని ఉండే సెయింట్ లూక్స్ చర్చి మీద ఎండ ఇంకా ఉంది. ఎదురుగా అందరూ కౌగిలించుకుంటున్నారు గానీ పాటల్లో కోపం కూడా ఉంది. క్లబ్బును ఇంతదాకా తెచ్చినవాళ్ల మీద కోపం. పెద్దాయన పాడలేదు, అరవలేదు. రేడియో వెనక మూత తీసి, రెండు బ్యాటరీలు బయటికి లాగి, చొక్కా జేబులో వేసుకున్నారు. వేసవంతా లోపలుంటే కారి పాడుచేస్తాయట. ఏటా సీజన్ చివరి రోజు ఇలా తీసేస్తారట.

"ఆగస్టులో వేద్దాం" అన్నారు.

ఇంటికి వచ్చి నాన్నకు ఫోన్ చేశాను. అక్కడ అర్ధరాత్రి దాటింది, అయినా మేలుకునే ఉన్నాడు. ఆట చూడడు, నియమాలు తెలియవు. "మీ జట్టు గట్టెక్కిందా అమ్మా?" అన్నాడు. ఎక్కింది నాన్నా అన్నాను. "సరే, పడుకుంటాను" అన్నాడు.

2025 మే 18న గుడిసన్‌లో మగవాళ్ల జట్టు చివరి ఆట ఆడింది, సౌతాంప్టన్ మీద 2-0. ఈ క్లబ్బు ఆ మైదానానికి వచ్చి అప్పటికి 133 ఏళ్లు. అది ఇప్పుడు ఆడవాళ్ల జట్టుకు సొంతమైదానం, అందుకు నాకు సంతోషం. ఆగస్టు 24న బ్రామ్లీ-మూర్ రేవులో, మెర్సీ నది ఒడ్డున కట్టిన కొత్త స్టేడియంలో మొదటి లీగ్ ఆట, బ్రైటన్‌తో. స్తంభాలు లేవు, మైదానం మొత్తం కనిపిస్తుంది. నది మీంచి గాలి విసురుగా కొడుతోంది. పెద్దాయన మెట్లన్నీ ఎక్కి, ఆయాసం తీర్చుకుని, కొత్త కుర్చీలో అటూ ఇటూ కదిలి కూర్చున్నారు. జేబులోంచి రేడియో తీశారు, ఇంకో జేబులోంచి బ్యాటరీలు తీశారు. చేతులు వణుకుతున్నాయి, మూత పట్టుకోమని నాకిచ్చారు.